ఆవులు ముట్టని తొట్టి

పుంగనూరు పాత బస్టాండు వెనక సందులో 'యమునా ఎలక్ట్రికల్స్' అని ఒక చిన్న అంగడి ఉంది. పెట్టిన కొత్తలో వచ్చినవాళ్ళంతా ఆ పేరు యజమాని భార్యదో కూతురిదో అనుకునేవాళ్ళు. లోపల స్టూలు మీద కూర్చుని మోటారుకు రాగితీగ చుడుతున్న మనిషిని చూసి, "యజమాని యాడికి పోయినాడమ్మా?" అని అడిగేవాళ్ళు.

"నేనేనన్నా. చెప్పండి, ఏం పని?"

"ఏం లేదులే, మళ్ళా వస్తాం" అని మెట్లు దిగేవాళ్ళు. మళ్ళీ వచ్చినవాళ్ళు తక్కువ.

యమున దానికి బాధపడలేదని చెప్పలేను. కానీ పనిమీద ఆమెకు అనుమానం ఎప్పుడూ లేదు. ఆమె నాయన నల్లప్ప కరెంటు స్తంభాలకు గుంతలు తవ్వే కూలి. ఆయన గుంత తవ్వుతుంటే గట్టు మీద కూర్చుని, ఆ తీగలో పోయేది ఏంది నాయనా అని అడిగి అడిగి విసిగించేది. పదో తరగతి అయ్యాక ఆయనే మదనపల్లె ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేర్పించాడు. తర్వాత కుప్పంలో గ్రానైట్ పాలిష్ పనిచేసే ఆదెప్పతో పెళ్ళయింది. కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు పోయి, కరెంటు మీటర్లు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పనిచేసింది. తయారైన ప్రతి మీటరూ ఆమె బల్లమీదికి వచ్చి, సరిగ్గా తిరుగుతోందని తేలాకే పెట్టెలోకి వెళ్ళేది.

ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అదే ఏడు రాతిపొడికి ఆదెప్ప ఊపిరితిత్తులు దెబ్బతిని, ఆ పని మానెయ్యమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇద్దరూ పుంగనూరు వచ్చేశారు. ఆదెప్ప పల్లెల నుంచి పాలక్యాన్లు తెచ్చే వ్యానుకు డ్రైవరుగా కుదిరాడు. యమున అంగడి తెరిచింది.

ఫ్యాక్టరీలో ఉన్నప్పుడే ఆమె ఒక సంగతి గమనించింది. ఇంటి మీటరు నెల తిరిగేసరికి మొత్తం ఎంత కాలిందో ఒక అంకె చెబుతుంది. ఏ పూట, ఏ గంటకు, ఏ సామాను ఎంత తీసుకుందో చెప్పదు. అది తెలుసుకోవడానికి ఇప్పుడు చిన్న పరికరాలు వచ్చాయి. గాజులాంటి ఒక క్లాంపును మెయిన్ తీగ చుట్టూ తగిలించి, దాని పెట్టెను ఇంట్లో వైఫైకి కలిపితే చాలు. ఇంట్లో కరెంటు ఎంత నడుస్తోందో క్షణక్షణం ఫోనులో గీతలా కనిపిస్తుంది. యమున ఒకటి తెప్పించి ముందు తన ఇంట్లోనే బిగించింది. పది రోజులకల్లా ఆ గీతను చదవడం వచ్చేసింది. ఫ్రిజ్ అయితే గంటకు రెండుసార్లు లేచి పడుకుంటుంది. మిక్సీ సూదిలా లేస్తుంది. ఇస్త్రీపెట్టె గోడలా నిలబడి, ఆగి, మళ్ళీ నిలబడుతుంది.

ఒకరోజు ఆదెప్ప పాలకేంద్రం దగ్గర క్యాన్లు దించుతుంటే ఆమె ఫోన్ చేసింది. "ఇస్త్రీపెట్టె ఆపకుండా పోయినావు. ఇంటికి పోయి ఆపేసి రా."

"నువ్వు ఇంట్లో ఉండావా?"

"అంగట్లో ఉండాను."

ఆదెప్ప ఇంటికి పోయి చూశాడు. నిజమే, లుంగీ అంచు మాడబోతోంది. ఆ సంగతి పాలు పోసేవాళ్ళందరికీ తనే చెప్పుకుని నవ్వాడు. అట్లా అది సాయిప్రసాద్ చెవిన పడింది.

సాయిప్రసాద్‌ది పలమనేరు దారిలో, ఊరు దాటాక రెండో మలుపులో ఇల్లు. తను మదనపల్లెలో టమోటా మార్కెట్ యార్డులో గుమాస్తా. వాళ్ళమ్మ శారదమ్మకు నాలుగు జెర్సీ ఆవులు, ఒక పొట్టి పుంగనూరు ఆవు ఉన్నాయి. భర్త పోయినప్పటి నుంచి ఆ పాల మీదే కొడుకును చదివించింది. ఆ వేసవిలో సాయిప్రసాద్‌కు హరితతో పెళ్ళయింది. పెళ్ళికి ముందు ఇల్లంతా బాగుచేయించి, ఆవుల కొట్టానికి గచ్చు వేయించి, కొత్తగా సిమెంటు తొట్టి కట్టించారు.

పెళ్ళయిన నెల నుంచి ఆ ఇంట్లో రెండు కష్టాలు మొదలయ్యాయి. కరెంటు బిల్లు అంతకంతకూ పెరిగింది. ఆవులు పాలు తగ్గించేశాయి. సాయంత్రం పితికేటప్పుడు తన్నేవి, బెదిరేవి. పశువుల డాక్టరు రెండుసార్లు వచ్చి చూసి రోగమేమీ లేదన్నాడు. శారదమ్మ నిమ్మకాయలు కట్టించింది, దిష్టి తీయించింది. ఏదీ పనిచేయలేదు. ఇక మిగిలింది కొత్త కోడలు. మదనపల్లె టౌనులో పెరిగి బీకాం చదివిన పిల్ల. "వాషింగ్ మిషన్ ఊరికే తిప్పతాది, అందుకే బిల్లు" అని శారదమ్మ మొదలుపెట్టి, "ఈమె కాలు పెట్టినప్పటి నుంచే ఆవులకి ఇట్లయింది" అనేదాకా పోయింది. హరిత ఎదురు చెప్పేది కాదు. రాత్రి అన్నం సగం తిని లేచేది.

మధ్యలో నలిగిన సాయిప్రసాద్, బిల్లు గొడవైనా తేలుతుందని యమునను పిలిపించాడు.

యమున మీటరు బోర్డు దగ్గర స్టూలు వేసుకుని క్లాంపు తగిలిస్తుంటే, శారదమ్మ వెనకే నిలబడి చూసింది.

"నువ్వు నల్లప్ప కూతురువు గదా? మా చేనికాడ స్తంభానికి గుంత తవ్వింది మీ నాయనే."

"అవునమ్మా."

"ఇది పెడితే ఎవరు కరెంటు కాలస్తాండారో తెలస్తాదా?"

"ఏ సామాను ఎప్పుడు ఎంత తీసుకుంటాందో తెలస్తాది అమ్మా. ఎవరు అనేది అది చెప్పదు."

శారదమ్మకు ఆ జవాబు నచ్చినట్టు లేదు. యమున దాన్ని ముగ్గురి ఫోన్లలో కనపడేలా పెట్టింది. ఒకటి సాయిప్రసాద్‌ది, ఒకటి హరితది, ఒకటి తనది.

మూడు రోజులకు వాషింగ్ మిషన్ సంగతి తేలిపోయింది. అది వారానికి రెండుసార్లు, ముప్పావుగంట, చిన్న గుట్టలా లేచి దిగుతోంది. దానితో బిల్లు అంత పెరగదు. కానీ యమున ఆ ఇంటి గీతను వదల్లేదు. అంగట్లో మోటారు చుడుతూ మధ్యమధ్యలో చూసేది. దాంట్లో ఆమెకు తెలియని ఒక ఆకారం ఉంది. రోజూ పొద్దున ఆరున్నరకు కరెంటు ఉన్నట్టుండి పెరుగుతోంది. తర్వాత మెల్లగా, చాలా మెల్లగా తగ్గుతూ మధ్యాహ్నానికి అడుగుకు వస్తోంది. సాయంత్రం అయిదుకు మళ్ళీ అంతే. మిషన్లు అట్లా తగ్గవు. స్విచ్చు ఆపితే ఒక్కసారే పడిపోతాయి. ఇది తడిగుడ్డ ఎండలో ఆరినట్టు తగ్గుతోంది.

అయిదో రోజు పొద్దున గీత లేవగానే ఆమె హరితకు ఫోన్ చేసింది.

"ఇప్పుడు ఏం పని చేస్తాండావమ్మా?"

"కొట్టం కడగతాండాను అక్కా."

"మోటారు వేసినావా?"

"లేదక్కా, ట్యాంకు నీళ్ళే. పైపు పెట్టి కడగతాండాను." హరిత గొంతు తగ్గించింది. "అక్కా, ఒక మాట చెప్తే నవ్వవు గదా?"

"చెప్పు."

"ఆ తొట్టి కాడ తడికాళ్ళతో నిలబడి నీళ్ళలో చెయ్యి పెడితే జుమ్మంటాది. అత్తకి చెప్తే, పని ఎగ్గొట్టేదానికి సాకులు చెప్తాండావు అనింది. నాకూ భ్రమేమో అనిపించింది."

యమున చేతిలో తీగచుట్ట కింద పెట్టి లేచి నిలబడింది. "కాళ్ళకి చెప్పులు లేవా?"

"కొట్టంలోకి చెప్పులు వేసుకోకూడదు, ఆవులు లక్ష్మి అని అత్త చెప్పింది. ఆమెకి కాళ్ళవాపు, అందుకని రబ్బరు చెప్పులు వేసుకుంటాది. డాక్టరు చెప్పినాడు."

"ఆవులు నీళ్ళు తాగతాండాయా?"

"యాడ తాగతాయక్కా. తొట్టి కాడికే రావు. మధ్యాన్నం మటుకు కొంచెం తాగతాయి."

"హరితా, ఇప్పుడే బయటికి వచ్చేయి. మెయిన్ ఆపు. నేను వచ్చేదాకా మీ అత్తను గాని, ఆవులను గాని కొట్టంలోకి పోనీయద్దు."

అంగడి షట్టరు సగం దించి, పక్క అంగడివాళ్ళకు చెప్పి, స్కూటీ తీసింది. ఆమె చేరేసరికి ఆవులు వేపచెట్టు కింద కట్టేసి ఉన్నాయి. శారదమ్మ కోపంగా ఉంది. పెళ్ళికి ముందు ఆ ఇంటి వైరింగ్ చేసిన మేస్త్రిని కూడా పిలిపించింది. ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల పనిచేస్తున్న పెద్దమనిషి. కోడలు కరెంటు ఆపేసి భయపెడుతోందని ఆయనతో చెబుతోంది.

మెయిన్ వేయించి, మేస్త్రి తన టెస్టరు తొట్టికి ఆనించాడు. అది వెలగలేదు. పైపుకు పెట్టాడు. వెలగలేదు.

"సూడండి శారదమ్మా. ఈడ కరెంటు లేదు. ఫోన్ సూసి కరెంటు కనిపెట్టేది నా సర్వీసులో నేను ఇనలేదు."

యమున సంచిలోంచి మల్టీమీటరు తీసి, రబ్బరు బూట్లు వేసుకుని లోపలికి వెళ్ళింది. ఒక తీగ తొట్టి నీళ్ళలో వేసి, ఇంకోటి తడి గచ్చుకు ఆనించింది. మీటరులో ఇరవై రెండు అని పడింది.

"ఇరవై రెండు వోల్టులన్నా. ఇంత తక్కువకి మీ టెస్టరు వెలగదు."

మేస్త్రి వంగి చూశాడు. "ఇరవై వోల్టులు మనిషిని ఏం చేస్తాదమ్మా?"

"చెప్పులేసుకున్న మనిషికి తెలీదు. నాలుగు కాళ్ళూ తడిబండ మీద పెట్టి, తడిమూతి నీళ్ళలో ముంచేదానికి తెలస్తాది. దప్పికైనా పర్వాలేదని పారిపోతాది."

శారదమ్మ వేపచెట్టు వైపు చూసింది. తర్వాత యమున ఇంట్లోకి వెళ్ళి ఒక్కొక్క స్విచ్చూ ఆపింది. ఫ్రిజ్ ప్లగ్గు పీకింది. టీవీ ప్లగ్గు, ఫోన్ చార్జరు, అన్నీ తీసేసింది. క్లాంపు పెట్టె, వైఫై పెట్టె మటుకు చిన్న బ్యాటరీ మీద నడుస్తున్నాయి. బయటికి వచ్చి తన ఫోను శారదమ్మకు చూపించింది.

"ఇంట్లో ఇప్పుడు ఏదీ నడవడం లేదు. సున్నా ఉండాల. ఎన్ని వాట్లు ఉండాదో సూడండి."

"మూడు నూర్ల పది" అని శారదమ్మ మెల్లగా చదివింది.

అదే సమయానికి హరిత ఫోను మోగింది. మదనపల్లె నుంచి సాయిప్రసాద్. హరిత స్పీకరు పెట్టింది.

"ఏమైంది, అంతా పడిపోయి మూడు నూర్లకాడ నిలిచింది? ఏం ఆన్ చేసినారు?"

"ఏమీ లేదురా, అన్నీ ఆపేసినాము" అంది శారదమ్మ.

"ఫోను పెట్టద్దు సాయీ, అట్లనే సూస్తా ఉండు" అని యమున అందరినీ దూరంగా నిలబెట్టింది. పొడి నేల మీద నిలబడి, తొట్టి వెనక గోడమీదికి ప్లాస్టిక్ బకెట్‌తో నీళ్ళు విసిరింది.

"మూడు నూర్ల అరవై" అన్నాడు సాయిప్రసాద్ ఫోనులో.

ఇంకో బకెట్ విసిరింది.

"నాలుగు నూర్లు. నాలుగు నూర్ల ముప్పై. ఏం చేస్తాండారక్కా?"

"గోడ తడుపుతాండాను నాయనా."

నలభై కిలోమీటర్ల దూరంలో యార్డులో కూర్చున్న మనిషి, ఆ గోడ మీద పడిన ప్రతి బకెట్‌నూ లెక్క తప్పకుండా చెప్పాడు. మేస్త్రి తల మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. తనే నడిచివెళ్ళి మెయిన్ ఆపాడు. ఫోనులో అంకె సున్నాకు పడింది.

"సుత్తి, ఉలి తెప్పించండమ్మా" అన్నాడు. "ఆ గోడలో ఒక జాయింటు ఉండాది. పెండ్లి తొందరలో నేనే టేపు సుట్టి పూడ్చేసినా."

ఇద్దరూ కలిసి గారను చెక్కారు. జానెడు లోపల తీగలు కలిపిన చోట టేపు ఊడి, రాగి నల్లబడి, గోడ చెమ్మకు అతుక్కుని ఉంది. ఆ పక్కనే తొట్టికి నీళ్ళు వచ్చే ఇనుప పైపు. పెళ్ళికి ఇల్లు బాగుచేయించిన రోజే కరెంటు ఆ గోడలోకి కారడం మొదలుపెట్టింది. కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టింది ఆ తర్వాత వారానికి.

మధ్యాహ్నమంతా పని సాగింది. పాత తీగ పీకేసి, గోడకు పైన ప్లాస్టిక్ పైపులో కొత్త తీగ లాగారు. ఇంటికి సరైన ఎర్త్ లేదని తేలింది. మేస్త్రే గడ్డపార పట్టి గుంత తవ్వి, బొగ్గులు, ఉప్పు వేసి ఎర్త్ వేశాడు. కరెంటు ఎక్కడైనా కారితే తనంతట తానే పడిపోయే బ్రేకరును యమున మెయిన్ దగ్గర బిగించింది. శారదమ్మ ఎవరూ అడగకుండానే సంగటి ముద్దలు, ఊరిమిండి పచ్చడి తెచ్చి, నడవలో ఆకులు వేసి, యమునను మేస్త్రి పక్కన కూర్చోబెట్టి వడ్డించింది.

సాయంత్రం మళ్ళీ అన్నీ ఆపి చూశారు. ఫోనులో సున్నా. గోడ మీద ఆరు బకెట్ల నీళ్ళు పోశారు. సున్నానే. మల్టీమీటరులో కూడా ఏమీ లేదు.

ఆవులను విప్పి కొట్టంలోకి తోలారు. అవి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి. మెడలు చాచి నీళ్ళ వాసన చూశాయి గానీ అడుగు ముందుకు వేయలేదు. మూడు నెలల భయం ఒక పూటలో పోదు కదా. శారదమ్మ ముఖం వాడిపోయింది.

అప్పుడు హరిత చెప్పులు విడిచింది. వట్టి కాళ్ళతో తడి గచ్చు మీదికి వెళ్ళి, తొట్టిలోకి మోచేతుల దాకా చేతులు ముంచింది. కాసేపు అట్లాగే ఉండి, అత్తవైపు చూసింది.

"ఏమీ లేదత్తా. సల్లగా ఉండాది."

శారదమ్మ తన రబ్బరు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, వాచిన కాళ్ళతో మెల్లగా లోపలికి నడిచింది. కోడలి పక్కన నిలబడి తనూ నీళ్ళలో చెయ్యి పెట్టింది.

"నువ్వు జుమ్మంటాది అనిన రోజే నేను సెప్పులిడిసి సూసుంటే సరిపోయేది" అంది.

హరిత కళ్ళు తుడుచుకోవడానికి చేతులు తడిగా ఉన్నాయి. భుజంతో తుడుచుకుంది.

ముందుగా పొట్టి ఆవు వచ్చింది. ఇద్దరి మధ్యా తలదూర్చి, మూతి నీటికి తాకించి, చటుక్కున వెనక్కి తీసుకుంది. మళ్ళీ తాకించింది. ఈసారి తీయలేదు. తాగే చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. దాన్ని చూసి జెర్సీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. తొట్టి అడుగు కనిపించేదాకా తాగాయి. నీళ్ళు మళ్ళీ వదిలితే మళ్ళీ తాగాయి. యమున గుమ్మానికి ఆనుకుని నిలబడి చూస్తూ ఉండిపోయింది. పదకొండేళ్ళలో ఎన్నో వేల మీటర్లు ఆమె బల్లమీదుగా పోయాయి. ఏ ఇంట్లో ఏం చేశాయో ఎన్నడూ చూడలేదు. ఈరోజు చూసింది.

పదిరోజులకు పాలు మునుపటికి వచ్చాయి. ఆ మాటను ఊరికి చేర్చింది శారదమ్మే. పాలకేంద్రంలో క్యాను దించిన ప్రతిసారీ, "మా యమునమ్మ లేకుంటే ఆవులూ పోయేవి, మా కోడలూ పోయేది" అని మొదటి నుంచి చెప్పేది. వినేవాళ్ళు తమ ఇళ్ళలో జుమ్మనే కుళాయిలనూ, నీళ్ళు ముట్టని పశువులనూ గుర్తు చేసుకున్నారు. ఒక సోమవారం యమున షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. యజమాని యాడ అని ఒక్కరూ అడగలేదు. ఆ ఆరుగురిలో ఇద్దరిని పంపింది వైరింగ్ మేస్త్రి. "నా కంటికి కనపడనివి ఆమెకి కనపడతాయి" అని చెప్పి పంపాడట.

ఆర్నెల్లకు యమున క్లాంపులు పెట్టిన ఇళ్ళ సంఖ్య నూరు దాటింది. పుంగనూరు చాలక మదనపల్లె నుంచి, కుప్పం నుంచి పిలుపులు వచ్చాయి. అన్ని గీతలు ఒక్కతే చూడలేక హరితను అడిగింది. హరిత కన్నా ముందు శారదమ్మ జవాబు చెప్పింది. "పంపిస్తాను. కొట్టం నేను కడుక్కుంటాను." ఇప్పుడు అంగట్లో రెండో బల్ల హరితది. పొద్దున తొమ్మిదికి వచ్చి ఒక్కొక్క ఇంటి గీతా చూస్తుంది. ఆకారం మారితే ఆ ఇంటికి ఫోన్ చేస్తుంది.

మొన్న వానాకాలంలో, మదనపల్లె దగ్గర పల్లెలో, బ్రేకరు ఇంకా పెట్టించుకోని వెంకటరత్నమ్మ అనే ఆమె ఇంటి గీత పట్టపగలు వంకరగా ఎగరడం హరిత చూసింది. రెండుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. మూడోసారికి ఎత్తింది.

"అమ్మా, మీ ఇంట్లో ఇప్పుడు గీజరు వేసినారా?"

"వేసినాం. మనవరాలు నీళ్ళు పోసుకునేదానికి పోతాంది."

"లోపలికి పోనీయద్దు. ముందు మెయిన్ ఆపండి. ఆపినాక నాకు చెప్పండి."

హరిత ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గీత వైపు చూసింది. యమున చేతిలో పని ఆపి వచ్చి పక్కన నిలబడింది. గీత నేలకు పడింది. ఆ వెంటనే, "ఆపినామమ్మా, బిడ్డ నా కాడే ఉండాది" అన్న మాట వినిపించింది. మధ్యాహ్నానికి యమున వెళ్ళి చూస్తే గీజరు లోపల తీగ కాలి డబ్బా రేకుకు అంటుకుని ఉంది.

ఆ వారంలోనే వెంకటరత్నమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని, బస్సులో రెండు గంపల టమోటాలు వేసుకుని పుంగనూరు వచ్చింది. పాప అంగడిలోకి వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఫోన్ చేసిన అక్క ఎవరు?" అని అడిగింది. యమున హరితను చూపించింది. హరిత లేచి పాపను తన కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళ ఇంటి గీత తెరిచి చూపించింది. ఆ సాయంత్రం ఆదెప్ప వ్యానులో ఒక గంప శారదమ్మ ఇంటికి, ఒక గంప యమున ఇంటికి చేరాయి.